ఇంట్లో లడ్డు, ఒంట్లో బరువు: తిరుపతి నుంచి ఒక కేస్ స్టడీ

వయసు 42. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 74.2 కిలోలు, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త తిరుమల ఘాట్‌రోడ్డు మీద ట్యాక్సీ నడుపుతారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. మొత్తం ఐదుగురున్న ఇల్లు. ఫిబ్రవరిలో, రథసప్తమి రద్దీ తగ్గాక, ఫైలు పట్టుకుని డైటీషియన్నైన నా దగ్గరికి వచ్చారు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

ఫైల్లో ఉన్నవి: హెచ్‌బీఏ1సీ 6.1, హిమోగ్లోబిన్ 10.8, థైరాయిడ్ మామూలే. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే ఆ హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్, అంటే షుగరుకు ముందు మెట్టు అంటాం. ఎత్తుతో పోల్చి బరువును చెప్పే బీఎంఐ 30.5 వచ్చింది. మన దేశం వాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది. ఆమె తల్లికి, అన్నకు షుగరు ఉంది. ఈమె మాత్రం మందులేవీ వాడటం లేదు. హడలిపోవాల్సిన రిపోర్టు కాదు, అలాగని బీరువాలో పెట్టి మర్చిపోయేదీ కాదు.

తన సమస్య ఏమిటో ఆమే చెప్పేశారు. "తీపి కనపడితే నాకు కంట్రోల్ ఉండదు మేడమ్. అదొక్కటి మాన్పించండి, మిగతాదంతా నేను చూసుకుంటా."

మాన్పించడం అప్పటికే చాలాసార్లు అయింది. పొద్దున్నే తేనె నిమ్మరసం, అన్నం బంద్, ఎవరో వాట్సాప్‌లో పంపిన చార్టు, తెలిసినావిడ అమ్మిన పొడి డబ్బా. అన్నిట్లోనూ మొదటి రూలు ఒకటే: తీపి ముట్టకూడదు. మూడు నాలుగు కిలోలు తగ్గడం, ఈలోపు పండగో పెళ్లో రావడం, తగ్గినదానికి ఇంకో కిలో కలుపుకుని బరువు మళ్లీ ఇంటికి చేరడం. ఇలా రెండేళ్లు గడిచాయి. మాన్పించడమే మందైతే ఆమె నా దాకా వచ్చేవారు కాదు.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతిలో లడ్డు కొనుక్కునే స్వీటు కాదు, ఇంటికి నడిచొచ్చే వస్తువు. కొండ దిగిన ప్యాసింజరు "అన్నా, ఇంటికి తీసుకుపో" అని డ్రైవరు చేతిలో ఒకటి పెడతాడు. చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి దర్శనానికి వచ్చిన చుట్టాలు ఒక పూట దిగి, పోతూ పోతూ రెండు ఇచ్చిపోతారు. పక్కింటివాళ్లు పైకి పోయొస్తే ఒకటి. వేరే ఊళ్లో ఏడాదికి ఒకసారి కళ్లకద్దుకునే ప్రసాదం ఈ ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు దేవుడి అలమరలోకి చేరుతుంది. "అలాంటివి ఇంట్లో పెట్టుకోకండి" అని పుస్తకాల్లో రాసే సలహా ఇక్కడ చెల్లదు. ప్రసాదాన్ని ఎవరూ పారేయరు. వద్దని కూడా అనరు.

వారం రోజులు తిన్నదంతా రాసుకుని రమ్మన్నాను. రాతలో ఆమె చాలా నిజాయితీగా ఉన్నారు, టీచరు కదా. నాలుగు రోజుల పేజీలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. పొద్దున చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కూర, సాయంత్రం గ్రీన్ టీ, రాత్రి ఓట్స్. అన్నం లేదు, పప్పు అంతంతమాత్రం, గుడ్డు లేదు. మొత్తం 1,150 క్యాలరీల దగ్గర. మాంసకృత్తులు 30 గ్రాములు దాటవు.

మిగతా మూడు రోజుల్లో కథ వేరు. శనివారం స్వామికి ఒక్కపొద్దు. పొద్దున, మధ్యాహ్నం ఏమీ తినరు. సాయంత్రం పిండి దీపం కొండెక్కాక ఆ చలిమిడి, తర్వాత పులిహోర, వడలు, ఆ పైన లడ్డు. ఆదివారం బిర్యానీ, సాయంత్రం బజ్జీలు. ఇంకో రోజు చుట్టాలు వచ్చినందుకు. ఆ మూడు రోజులూ రోజుకు 2,900 క్యాలరీలు పడుతున్నాయి. ఏడు రోజులకూ కలిపి సగటు తీస్తే 1,900. ఆమె ఎత్తుకు, బరువుకు, వయసుకు, చేసే పనికి ఒంట్లో ఖర్చయ్యేదీ ఇంచుమించు అంతే. "నాలుగు రోజులు కడుపు కాల్చుకున్నా బరువు కదలదేం మేడమ్" అన్న ప్రశ్నకు జవాబు ఆమె నోటుపుస్తకంలోనే ఉంది.

శనివారం పేజీలో చివరి లైను: "రాత్రి 11. లడ్డు (1). తప్పు చేశాను." ఎర్ర పెన్నుతో రాశారు.

దాని గురించి అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా, ఫ్రిజ్ తలుపు వెలుగులో నిలబడి తినేస్తారట. ముందు చిటికెడు. తర్వాత ఇంకో చిటికెడు. సగం అయ్యేసరికి "ఎట్లాగూ చెడిపోయింది కదా, రేపట్నుంచి గట్టిగా ఉందాం" అనుకుని మొత్తం. పొద్దున లేచి అలిపిరి పోయి మెట్లెక్కడం, రోజంతా నీళ్ల మీద ఉండటం. "స్వామి ప్రసాదం తిని ఏడ్చినాను మేడమ్. తింటే లావయితానని బాధ. ప్రసాదాన్ని పట్టుకుని అట్లా అనుకున్నానే అని ఇంకో బాధ. వద్దంటే ఇంకా పాపం."

నా కేసు అక్కడ తెరుచుకుంది. ఆమెకున్నది తీపి పిచ్చి కాదు. తినని నాలుగు రోజుల ఆకలి, దాని మీద తప్పు చేశానన్న బాధ. ఆకలి మొదటి చిటికెడు తినిపిస్తే, మిగతా లడ్డంతా తినిపించేది ఆ బాధే. నిండా మునిగినోడికి చలేంది అని మన పెద్దలు ఏనాడో అన్నారు. డైటింగ్ చేసేవాళ్లలో దీన్ని పరిశోధకులు 1975 నాటికే పరీక్ష పెట్టి చూశారు. పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత రుచి చూసే నెపంతో ఐస్‌క్రీం కప్పులు ముందు పెట్టారు. తిండి మీద ఆంక్షలేమీ పెట్టుకోనివాళ్లు, మిల్క్‌షేక్ తాగాం కదా అని ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. ఆంక్షలు పెట్టుకుని బతికేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం తెగింది, ఇక ఆపేదేముంది!

న్యూజిలాండ్‌లో చేసి 2014లో అచ్చువేసిన ఇంకో పరిశీలన కూడా ఉంది. చాక్లెట్ కేకు అనగానే మీకు పండగ గుర్తొస్తుందా, తప్పు చేసిన భావన వస్తుందా అని అడిగారు. తప్పు అన్నవాళ్లు మిగతావాళ్లకన్నా జాగ్రత్తగా తిన్నదేమీ లేదు. ఏడాదిన్నర తర్వాత చూస్తే బరువు నిలుపుకోవడంలో వాళ్లే వెనకబడ్డారు. ఇది కారణాన్ని నిరూపించే పరీక్ష కాదు, రెండూ కలిసి కనిపించాయంతే. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను రోజూ చూసేది అదే.

మొదటి చీటీలో నేను రాసింది చూసి ఆమెకు నచ్చలేదు. రెండు వారాలు బరువు తగ్గే ప్రయత్నమే వద్దన్నాను. మూడు పూటలా తినాలి. మధ్యాహ్నం కొలిచిన కప్పు అన్నం, గట్టిపప్పు, కూర, పెరుగు. వారంలో రెండు మూడు రాత్రులు రాగి సంగటి, ఆకుకూర పప్పు లేదా కోడికూర. పొద్దున ఇడ్లీతో పాటు చట్నీ, ఒక ఉడికిన గుడ్డు. స్కూలు వదిలే నాలుగున్నర గంటలకు ఆకలి ముంచుకొచ్చే వేళ కాబట్టి ఉలవ గుగ్గిళ్లో, ఉడకబెట్టిన చెనిక్కాయలో ఒక గుప్పెడు. గ్రీన్ టీ మీద నాకేమీ కోపం లేదు గానీ దానితో కడుపు నిండదు. "అన్నం తినమని డబ్బులు తీసుకుని చెప్పే డాక్టరును మిమ్మల్నే చూస్తా ఉండా" అన్నారు. నేను డాక్టర్ని కాదు, డైటీషియన్ని అని మరోసారి గుర్తు చేశాను.

రెండు వారాలకు బరువు ఎక్కలేదు. రాత్రి పదకొండు గంటల లైన్లు పుస్తకంలో తగ్గిపోయాయి. అన్నం తినడం మొదలుపెట్టాక లడ్డు మీద ఆరాటం తగ్గడం ఆమెకే వింతగా అనిపించింది.

అప్పుడు లడ్డును టేబుల్ మీదికి తెచ్చాం. తర్వాతి విజిట్‌కు ఇంట్లో ఉన్న లడ్డుతో పాటు అత్తగారిని కూడా తీసుకుని రమ్మన్నాను. నా దగ్గర వంటింటి తూకం ఒకటుంటుంది. లడ్డు 172 గ్రాములు తూగింది. చాకు పెడితే పొడి రాలిపోతుంది కాబట్టి చేత్తో రెండుగా విరిచి, ఆ సగాలను మళ్లీ మళ్లీ విరిచి ఎనిమిది ముక్కలు చేశాం. ఒక్కో ముక్క 18 నుంచి 22 గ్రాములు. జీడిపప్పు పడిన ముక్క బరువైంది. పళ్లెంలో రాలిన బూందీని పక్కకు ఊడ్చి తూచమన్నాను. 14 గ్రాములు. విరిచేటప్పుడు, డబ్బాలో సర్దేటప్పుడు వేలితో అద్దుకుని నోట్లో వేసుకునేది ఇదే. పుస్తకంలో అది ఏనాడూ ఎక్కలేదు.

ఇక లెక్క. తిరుమల పోటులో, అంటే ప్రసాదాల వంటశాలలో, లడ్డూలకు ఒక దిట్టం ఉంటుంది, అంటే ఏ సరుకు ఎంత పడాలన్న కొలత. పేపర్లలో చాలాసార్లు అచ్చయిన పాత దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు 180 కిలోల శనగపిండి, 165 కిలోల నెయ్యి, 400 కిలోల చక్కెర, 30 కిలోల జీడిపప్పు, 16 కిలోల ఎండుద్రాక్ష, 8 కిలోల కలకండ, 4 కిలోల యాలకులు. మొత్తం 803 కిలోలు. ఒక్క లడ్డుకు భాగిస్తే దాదాపు 80 గ్రాముల చక్కెర, 32 గ్రాముల నెయ్యి. క్యాలరీలు 780 చిల్లర. ఆమె లాంటి మనిషి రోజంతా తినాల్సినదాంట్లో సగానికి పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మేలైన హద్దు రోజుకు 25 గ్రాముల చక్కెర. ఒక్క లడ్డులో దానికి మూడింతలు.

అదే ఎనిమిదో వంతు ముక్కైతే వంద క్యాలరీల లోపు, చక్కెర పది గ్రాములు. ఈ లెక్క చెప్పగానే ఆమె ముఖంలో భయం కనపడాల్సింది, రిలీఫ్ కనపడింది. "ఇంతేనా! ఇది రోజూ తినొచ్చా?" తినొచ్చన్నాను. రోజుకు 1,450 నుంచి 1,500 క్యాలరీలు, మాంసకృత్తులు 55 గ్రాములకు తగ్గకుండా. అందులో 150 క్యాలరీలు పూర్తిగా ఆమె ఇష్టం. లడ్డు ముక్క, పిల్లల బర్త్‌డే చాక్లెట్, రెండు నిప్పట్లు, ఏదైనా. వాడుకోవచ్చు, వదిలేయొచ్చు. రెండు రోజులవి కలిపి ఒకేసారి కూడా వాడుకోవచ్చు. వాడుకున్నందుకు నాకు సంజాయిషీ అక్కర్లేదు.

ఒక్క షరతు పెట్టాను. నిలబడి, చీకట్లో, రాత్రి పూట వద్దు. మధ్యాహ్నం భోంచేశాక, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినాలి. కడుపు నిండాక తిన్న తీపి ముక్క దగ్గర ఆగడం తేలిక. ఖాళీ కడుపు ముందు ముక్కంటే అర్థం లేదు.

అంతదాకా కుర్చీలో మౌనంగా కూర్చున్న అత్తగారు అప్పుడు నోరు విప్పారు. "ప్రసాదం పిసరంత కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేదానికి నాయనా. పొట్ట నింపుకునేదానికి అన్నం ఉండాది. వచ్చిన లడ్డును వచ్చినట్టే ఫ్రిజ్‌లో దాచి పెట్టేది ఈ కాలంలోనే చూస్తా ఉండా. మా ఇంట్లో అయితే వచ్చిన గంటకు వీధంతా పంచేసేవాళ్లం." నిజానికి నేను ఆమెను పిలిచింది వంటింట్లో నూనె గురించి మాట్లాడదామని. కానీ ఈ కేసులో అందరికన్నా పనికొచ్చిన సలహా ఆ పెద్దావిడే ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో లడ్డు రాగానే విరవడం ఆమె పని. ఇంట్లో ఐదుగురికి ఐదు ముక్కలు, మిగతా మూడు పై వాటా వాళ్లకో, పనమ్మాయికో, స్కూల్ ఆటో డ్రైవరుకో. రాలిన పొడి కోడలిది కాదు, పెద్దావిడదే.

కోడలికి ఇందులో ఇంకో మేలు జరిగింది. ప్రసాదం వద్దనలేదు, దాచుకోలేదు, నలుగురికీ పెట్టారు. రెండు పాపాలూ ఒకేసారి తీరాయి.

అయితే లడ్డు గురించి ఇంత మథనపడే మనిషి, తక్కినవాటి గురించి నిశ్చింతగా ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. రోజుకు మూడు కాఫీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల బెల్లం పొడి. "చక్కెర మానేశాను మేడమ్, మన చిత్తూరు బెల్లమే" అని గర్వంగా చెప్పారు. చిత్తూరు బెల్లం రుచిలో రాజీ లేదు, ఒప్పుకుంటాను. కానీ వంద గ్రాముల చక్కెరలో 400 క్యాలరీలుంటే బెల్లంలో 380 దాకా ఉంటాయి. రక్తంలో షుగరు పెంచడంలో అన్నదమ్ములే. ఖనిజాలు కొన్ని ఉన్నాయి గానీ, వాటికోసం తినాల్సినంత బెల్లం తింటే షుగరు ఖాయం. మూడు కాఫీల్లో కలిపి 30 గ్రాములు, అంటే రోజుకు మూడు లడ్డు ముక్కల తీపి. దాని మీద బాధ లేదు, ఎర్ర పెన్ను లేదు.

నూనె కూడా అంతే. నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తారని అడిగితే ఆరు లీటర్లన్నారు. ఐదుగురికి పంచితే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లు. దాన్ని నాలుగు లీటర్లకు దించమన్నాను. తాలింపు గరిటె మార్చడం, కూరలకు ముందే నూనె పోసేసి తర్వాత మళ్లీ పోయకుండా ఉండటం, పూరీ వారానికి ఒకసారి. మనిషికి రోజుకు 13 మిల్లీలీటర్లు తగ్గింది. క్యాలరీల్లో చూస్తే లడ్డు ముక్క ఖర్చు అందులోనే మిగిలి, ఇంకా కొంచెం చేతిలో ఉంది. తప్పు చేశానన్న బాధకు లెక్కలు రావు. అది తీపిని, పండగను పట్టుకుని వేధిస్తుంది, వంటనూనె పక్కకు చూడను కూడా చూడదు.

అలిపిరి సంగతి కూడా తేల్చాం. నడక దారిలో 3,550 మెట్లు. ఆమె బరువుతో పైదాకా ఎక్కితే, దూరం, ఎత్తు రెండూ కలిపి చూస్తే, ఇంచుమించు ఒక లడ్డుకు చెల్లు. కానీ ఆ రెండు మూడు గంటల తర్వాత మోకాళ్లు రెండు రోజులు పట్టేస్తాయి, స్కూల్లో నిలబడలేరు, ఆకలి రెట్టింపవుతుంది. మొక్కు ఉంటే ఎక్కండి, లడ్డుకు శిక్షగా ఎక్కొద్దు అన్నాను. దానికి బదులు వారంలో ఐదు రోజులు సాయంత్రం అరగంట నడక, ఇంట్లోనే కుర్చీ పట్టుకుని లేచి కూర్చునే వ్యాయామం. కండ పోకుండా ఉండాలంటే అది కావాలి.

శనివారం ఒక్కపొద్దు మాన్పించే ఉద్దేశం నాకు లేదు. ఆమె పుట్టినప్పటినుంచి చూస్తున్న ఆచారం అది. పాలు, పండు ఒక్కపొద్దులో చెల్లుతాయని అత్తగారే చెప్పారు. కాబట్టి పొద్దున గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగు కలిపిన పండ్లు, మధ్యలో మజ్జిగ. సాయంత్రం దీపం పెట్టాక మామూలు భోజనం, పిండి దీపం ప్రసాదం చిన్న ముద్ద. ఆ మార్పు ఒక్కటే శనివారం రాత్రిని చాలావరకు చక్కబెట్టింది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఇది చదివి ఒక్కపొద్దు మొదలుపెట్టకండి. షుగరు పడిపోయే ప్రమాదం ఉంది, ముందు మీ డాక్టర్ని అడగండి.

ఇక తూకం. మొదట్లో రోజూ తూచుకునేవారు. ఆదివారం విందు, సోమవారం పొద్దున 1.2 కిలోల పెరుగుదల, ఆ రోజంతా ఉపవాసం. విందులో పడే ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థం ఒంట్లో నిల్వయ్యేటప్పుడు ప్రతి గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లు వెంట తీసుకుపోతుంది. నిజంగా కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి 7,700 క్యాలరీలు తినాలి, అంటే పది లడ్డూలు. "ఆదివారం పది లడ్డూలు తిన్నారా?" అంటే నవ్వేశారు. తూకం బుధవారానికి మార్చాం, వారానికి ఒక్కసారి.

మార్చి, ఏప్రిల్ నెలలు సాఫీగా సాగాయి. బరువు 71.5కు వచ్చింది. మే నెలలో గంగమ్మ జాతర. తిరుపతిలో ఆ వారం ఎవరి డైటూ నిలబడదు, నాది కూడా. వేషాలు, అంబలి, పొంగళ్లు, ఊళ్ల నుంచి దిగిన చుట్టాలు, ఇంట్లో కోడికూరలు, మాంసాలు. ఆమె ఫోన్లు ఎత్తడం మానేశారు. రావాల్సిన రోజు రాలేదు, తర్వాతి వారం కూడా లేదు. పాత డైట్లన్నీ తెగిపోయింది ఇలాంటి చోటే. నేను ఒక్క మెసేజి పెట్టాను: "తూకం చూడొద్దు. ఇవాళ మధ్యాహ్నం పప్పు అన్నం తినండి, సాయంత్రం గుగ్గిళ్లు. అంతే." జవాబు లేదు. జూన్ మొదటి వారంలో వచ్చారు. జాతర తర్వాత ఒక కిలో పెరిగిందట, మెసేజి చూసి పప్పు అన్నం తిన్నారట, రెండు వారాల్లో ఆ కిలో పోయిందట. ఉపవాసాలు లేవు, మెట్లు లేవు. ఆమె బరువు తగ్గించుకోగలరని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. తగ్గినప్పుడు కాదు, పెరిగినప్పుడు ఏం చేశారో చూసి.

మామిడి కాలం గురించి ఒక మాట. చిత్తూరు జిల్లా నుంచి బేనీషా బుట్టలు వచ్చే రోజుల్లో ఆమె పండు వైపు చూడకుండా తిరుగుతున్నారు. "షుగరు బార్డర్లో ఉంది కదా మేడమ్!" మామిడి గుజ్జు వంద గ్రాముల్లో అరవై క్యాలరీల దగ్గర ఉంటుంది. ఒక మోస్తరు పండులో సగం తింటే లడ్డు ముక్క కన్నా తక్కువ, పైగా పీచు, విటమిన్లు. ఇష్టం వాటా కింద రోజుకు సగం పండు, సాయంత్రం గుగ్గిళ్లతో పాటు తినమన్నాను. రసం తీసుకుని తాగొద్దన్నాను. రసమైతే మూడు పండ్లు ఒక గ్లాసులో పోతాయి, తెలియదు కూడా.

అన్నీ లడ్డులా లొంగలేదు. మురుకుల డబ్బా దగ్గర ఈ పద్ధతి బోల్తా కొట్టింది. నాలుగు మురుకులు పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నా, లేచి మళ్లీ డబ్బా దగ్గరికే. చిప్స్ ప్యాకెట్ కూడా అదే దారి. ఉప్పు, నూనె, కరకర కలిసిన తిండిని కొందరు కొలిచి తినలేరు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అలాగని ప్రతిదానికీ "మితంగా తినండి" అని చెప్పి చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు. అలాంటివి ఇంట్లో నిల్వ పెట్టొద్దని తేల్చుకున్నాం. బజ్జీలు తినాలనిపిస్తే ఆదివారం భర్తతో బయటికి పోయి, వేడివేడిగా ఒక ప్లేటు ఇద్దరూ పంచుకుని రావాలి. దాన్ని ఆమె బాగా అమలుచేశారు. ఇన్నేళ్లలో ఆయన ట్యాక్సీ కాకుండా బండి మీద తిప్పింది ఇప్పుడే అని చెప్పారు.

మొదట్లోనే ఒక విషయం పరిశీలించి పెట్టుకున్నాను. ఆపుకోలేనంతగా, తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినడం వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు జరుగుతుంటే, దాని వెనక బాధ, దాపరికం ఉంటే, బింజ్ ఈటింగ్ డిజార్డర్ ఉందేమో చూడాలి. అది డైట్ చార్టుతో తీరేది కాదు, మానసిక వైద్యుల పని. ఈమె హద్దు మీద ఉన్నారు. వాంతి చేసుకోవడం లాంటివి లేవు. సరిగ్గా తినడం మొదలుపెట్టిన ఆరు వారాల్లో రాత్రి తిండి దాదాపు ఆగిపోయింది కాబట్టి పంపాల్సిన అవసరం రాలేదు. ఆగకపోయి ఉంటే పంపేదాన్ని, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాను.

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో బరువు 68 దగ్గర మొండికేసింది. తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, ఇంటినిండా తమిళ చుట్టాలు, భర్తకు రాత్రింబవళ్లు ట్రిప్పులు. ఆ నెలల్లో తగ్గించే ప్రయత్నం ఆపి, పెరగకుండా చూసుకుందాం అన్నాను. లడ్డూలు కుప్పలుగా వచ్చాయి, కుప్పలుగా పంచారు. కాఫీలు మూడు నుంచి రెండుకు, బెల్లం రెండు చెంచాల నుంచి ఒకటికి తగ్గించగలిగాం. అది మాత్రం లడ్డు కన్నా పది రెట్లు కష్టమైంది.

నవంబర్‌లో, దీపావళి తర్వాత తీసిన అంకెలు ఇవి. బరువు 66.8, అంటే మొదటి బరువులో దాదాపు పదో వంతు పోయింది. నడుము 86. బీఎంఐ 27.4, ఇంకా ఊబకాయం గీతకు పైనే. హెచ్‌బీఏ1సీ 5.8. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ 11.6. తొమ్మిది నెలలకు ఏడు కిలోల చిల్లర అంటే "నెలలో పది కిలోలు" అని బోర్డులు పెట్టే ఊళ్లో నవ్వుతారు. ఆమె రెండేళ్లలో పోగొట్టుకుని మళ్లీ తెచ్చుకున్న కిలోలు కలిపితే అంతకంటే ఎక్కువే. ఇవి మాత్రం జాతర, పెరటాసి, దీపావళి మూడూ దాటి నిలిచాయి.

ఈ ఒక్క కేసును బట్టి లడ్డు తింటే బరువు తగ్గుతారని ఎవరైనా అనుకుంటే నా పీకకు చుట్టుకుంటుంది. తగ్గించింది అన్నం, పప్పు, గుడ్డు, నూనె కొలత, నడక. లడ్డు ముక్క చేసింది వాటిని తొమ్మిది నెలలు తెగకుండా నడవనివ్వడం. షుగరు ఇప్పటికే వచ్చినవాళ్లకు రోజూ ముక్క అనే లెక్క వర్తించదు. వాళ్లకు ఎంత, ఎప్పుడు అన్నది మందులను, షుగరు చార్టును చూసి విడిగా చెప్పాల్సిందే. అత్తగారి లాంటి మనిషి లేని ఇంట్లో ఇదే పద్ధతి ఇంత తేలిగ్గా నడుస్తుందనీ చెప్పలేను.

పుస్తకం ఇప్పటికీ రాస్తున్నారు. ఎర్ర పెన్ను కనపడదు. మొన్నటి పేజీలో "మధ్యాహ్నం 1:30. లడ్డు ముక్క. బాగుంది" అని ఉంది. తర్వాతి హెచ్‌బీఏ1సీ సంక్రాంతి వెళ్లాక. పండక్కి మురుకులు, నిప్పట్లు చేయక తప్పదట. డబ్బా ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు మా ముందున్న సమస్య. తన మంచం కింద పెట్టుకుంటానని అత్తగారు అంటున్నారు. ఆమెకూ బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని నేనే చెప్పాను. ఇంకా ఏమీ తేలలేదు.